మళ్ళీరండిగారి పడవ

ఊళ్ళో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. లైసెన్సుల ఆఫీసులో బండి నడిపే పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరుగా చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా, పరీక్ష అయ్యి బండి దిగిన ప్రతి మనిషితోనూ ఆయన అన్న మాట ఒక్కటే: "మళ్ళీ రండి." అద్దం సర్దుకోకుండా బండి తీస్తే మళ్ళీ రండి. సర్దుకుంటే, అంతసేపు సర్దుకున్నందుకు మళ్ళీ రండి. చివరికి ఆ మాటే ఆయనకు పేరై కూర్చుంది. ఎదురుగా 'సార్', వీపు తిప్పితే 'మళ్ళీరండిగారు'.

చెయ్యి తడిపితే కరిగే మనిషి కాదు. ఒకవేళ కరిగే రకమే అయి ఉంటే ఊరు కాస్త సుఖపడేదని, ఆయన దగ్గరికి ఎన్నోసార్లు మళ్ళీ వచ్చిన వ్యాను డ్రైవరు ఒకడు ఇప్పటికీ అంటాడు. పెళ్ళైన కొత్తలో కట్టుకున్న ఇల్లాలు కూడా ఒకసారి స్కూటరు మీద పరీక్షకు వెళ్ళింది. పదిమంది ముందు ఆమెకూ అదే మాట చెప్పాడు. ఇంటికి వచ్చాక, "నా పెళ్ళామని పాస్ చేస్తే లోకం ఏమనుకుంటుంది?" అన్నాడు. లోకం ఏమీ అనుకోలేదు. ఆ వేళకు లోకం భోంచేసి నిద్రపోతోంది. ఆమె మాత్రం ఆ తర్వాత స్కూటరు ముట్టుకోలేదు.

ఊరికి ఆనుకొని ఏరు. ఏరంటే మోకాళ్ళు తడుపుకుని దాటే ఏరు కాదు. అవతలి గట్టున మనిషి నిలబడితే చీమలా కనిపించేంత వెడల్పు. ఆ గట్టు మీదే ఆమె అక్క ఇల్లు. అక్క ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసిన మనిషి. సూది ఎంత పదునో నోరూ అంతే. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడితే, ఇక్కడ మేడ మీద బట్టలారేసే ఇల్లాలికి అక్క ఇంటి రేకుల కప్పు తళుక్కుమని కనిపించేది. ఒకప్పుడు లాంచీ తిరిగేది. లాంచీ ముసలిదై మూలపడింది. ఇప్పుడు వెళ్ళాలంటే ఎక్కడో పైనున్న వంతెన దాకా ఒక బస్సు, అక్కడ దిగి ఇంకో బస్సు. పొద్దున బయల్దేరితే దీపాలు వెలిగే వేళకు చేరాలి. కంటికి అందుతుంది, కాలికి అందదు.

"రిటైరవగానే పడవ కొంటాను. వారం వారం నిన్ను మీ అక్క గుమ్మంలో దింపుతాను" అన్నాడు ఆయన. అన్నట్టే కొన్నాడు. ఇచ్చిన మాటను ఎప్పుడూ సగం దాకా నిలబెట్టుకునే మనిషి.

తెల్లటి ఫైబరు పడవ, నలుగురు పడతారు, వెనక ఇంజను. అమ్మినవాడు దాన్ని ట్రైలరు మీద ఇంటి ముందుకు తీసుకొచ్చి, కొత్తగా కొన్నవాళ్ళకు చెప్పాల్సినవన్నీ చెప్పడం మొదలుపెట్టాడు.

"సార్, ఇంజను తిప్పే ముందు ఈ మూత తెరిచి వాసన చూడండి. పెట్రోలు వాసనొస్తే తాళంచెవి ముట్టుకోకండి. పెట్రోలు మూడు వంతులనుకోండి. వెళ్ళడానికొకటి, రావడానికొకటి, ఖర్మకొకటి. ఈ ఎర్ర తాడు ఎప్పుడూ మణికట్టుకి తగిలించుకోవాలి. మీరు నీళ్ళలో పడితే తాడు ఊడి ఇంజను దానంతటదే ఆగిపోద్ది. ఇదుగో, వెనక అడుగున చిల్లు చూశారా? పడవ కడిగినప్పుడు నీళ్ళు పోవడానికి. దీనికో బిరడా ఉంది. కడిగేటప్పుడు తీయాలి, ఏట్లోకి దింపే ముందు బిగించాలి..."

"ఇందాక మలుపు తిరిగేటప్పుడు హారను కొట్టావా నువ్వు?" అని అడిగాడు ఆయన.

అమ్మినవాడు ఆయన ముఖంలోకి ఓ క్షణం చూసి, ఇది తేలే బేరం కాదనుకుని, ఇల్లాలి వైపు తిరిగాడు. "అమ్మా, మీరైనా వినండి. ఆ బిరడా ఎప్పుడన్నా మర్చిపోయారే అనుకోండి, నడి ఏట్లో ఆగొద్దు. పడవ ఆగితే నీళ్ళు లోపలికొస్తాయి. జోరుగా పోతుంటే అదే చిల్లులోంచి బయటికి పోతాయి. గుర్తుంటుందా?"

ఆమె తల ఊపింది. వినడం ఆమెకు బాగా అలవాటైన విద్య. ఆ ఇంట్లో ఇంకో విద్యకు సందు దొరకలేదు.

అప్పటి నుంచి ఆదివారాలు మొదలయ్యాయి. పద్ధతి ఏమిటంటే, పని ఆమెది, పరీక్ష ఆయనది. ఆమె తెల్లారే లేచి బ్యాటరీ చార్జింగు పెట్టేది, దాని కొసలకు పట్టిన తెల్లటి పొడిని గీకి తుడిచేది, తాళ్ళు చుట్టేది, లైఫ్ జాకెట్లు ఎండలో ఆరేసి దులిపేది, అడుగున చేరిన నీళ్ళు తోడే చిన్న పంపు తిరుగుతోందో లేదో చూసేది. ఆయన కాఫీ తాగి, కళ్ళజోడు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేవాడు.

"ఈ తాడు కుడి నుంచి ఎడమకు చుట్టావా, ఎడమ నుంచి కుడికా?"

"తాడు కదండీ. దానికి కుడి ఎడమలేం తెలుస్తాయి?"

"అందుకే మళ్ళీ చుట్టు."

ప్రతి జాకెట్టుకూ ఒక ఈల ఉంటుంది. ఆయన ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని ఊది చూసేవాడు. మొదటి ఆదివారం ఇరుగుపొరుగు దొంగలు పడ్డారనుకుని కర్రలతో వచ్చారు. రెండో ఆదివారం నుంచి కిటికీలు మూసుకోవడం నేర్చుకున్నారు.

అన్నీ అయ్యాక ఏదో ఒకటి తప్పేది. లంగరు తాడు పొట్టి. తాడు మారిస్తే లంగరు తేలిక. లంగరు మారిస్తే మబ్బు. మబ్బు లేకపోతే గాలి. ఒకసారి గాలి కూడా లేదు. ఆయన రేవు దాకా నడిచి వెళ్ళి, ఏటిని ఎగాదిగా చూసి వచ్చి, "నీళ్ళు ఇవాళ కొంచెం మందంగా ఉన్నాయి" అన్నాడు. ఆ మాట మీద పడవకు మళ్ళీ గుడ్డ కప్పారు.

రేవు పక్కన టీ కొట్టు ఉంది. ఆయన చేతిలో ఫెయిలైనవాళ్ళందరికీ అదే క్లబ్బు. "ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం గానీ, ఏరు దాటకుండా తెప్పకి పాలిష్ పెట్టేవాణ్ణి ఈయన్నే చూశాం" అనేవాడు వ్యాను డ్రైవరు. ఆ మాటలు గాలికి కొట్టుకొచ్చి ఇల్లాలి చెవిన పడేవి. కోపం వచ్చేది కాదు. ఆ మాటనే తను ఇంకా బాగా అనగలదని మాత్రం అనిపించేది.

పడవ మీద ఒకే ఒక్క పని ఆయన తన చేతులతో చేసేవాడు. కడగడం అయ్యాక ఆ బిరడా ఊడదీసి, తుడిచి, జేబురుమాలులో చుట్టి, బీరువాలో ఆమె నగల పక్కన పెట్టి తాళం వేసేవాడు. "బిరడా లేని పడవని ఏ దొంగ ఎత్తుకుపోతాడు? పోయాడా, మునుగుతాడు!" అని నవ్వేవాడు. తన తెలివికి తనే మురిసిపోయే ఆ నవ్వు చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. ఆ పనిని మాత్రం ఎవరూ పరీక్షించలేదు. ఆమె పరీక్షించడానికి లేదు. తను చేసినదాన్ని తను పరీక్షించుకోవాలని ఆయనకు తోచదు. ఆయన సర్వీసంతా పరీక్ష అవతలి సీటులో కూర్చున్నవాడికే.

ఇలా ఏడాది తిరిగింది. పడవ అడుగు ఏట్లో ఒక్కసారి కూడా తడవలేదు.

ఒక శనివారం సాయంత్రం అక్క ఫోను చేసింది. స్నానాల గదిలో జారిపడిందట. తుంటి ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలో ఆపరేషనట. మర్నాడు మధ్యాహ్నం కొడుకు కారులో తీసుకెళ్తాడట. అన్నీ వేరే ఎవరికో జరిగినట్టు చెప్పుకొచ్చింది.

"నువ్వొస్తావా?" అంది చివర్లో.

ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి. ఎంతమందినో బల్ల మీద పడుకోబెట్టి 'ఏం కాదు, ఊరుకో' అని చెంప తట్టి లోపలికి పంపిన మనిషి.

"భయమేస్తోందా అక్కా?"

"నాకు తెలుసు కదే లోపల ఏం చేస్తారో. తెలిసినవాళ్ళకే భయం. బల్లెక్కే ముందు ఒకసారి నీ ముఖం చూస్తే చాలు."

ఫోను పెట్టేసి ఆమె హాల్లోకి వచ్చింది. రాత్రి బస్సుల్లేవు, పొద్దున బస్సుల్లో తిరిగి వెళ్తే చేరేసరికి అక్క ఇంట్లో ఉండదు. ఇక మిగిలింది పడవే.

"రేపు పొద్దున్నే వెళ్తున్నాం" అంది.

"చూద్దాం. గాలి వాలు ఎలా ఉందో..."

"చూడటం కాదు. రేపు పడవ ఏట్లో దిగుతుంది. లేదా నేను ఈదుకుంటూ పోతా."

"నీకు ఈత రాదుగా?"

"అదే చెప్తున్నా."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

మర్నాడు ఆయన పరీక్షకు వచ్చేసరికి తప్పు పట్టడానికి ఒక్కటీ మిగల్చలేదు ఆమె. బ్యాటరీ నిండుగా ఉంది. పెట్రోలు ఖర్మ వంతుతో సహా ఉంది. తాళ్ళు కుడి నుంచి ఎడమకు ఉన్నాయి. మూత తెరిచి వాసన చూసి, "వాసన లేదు" అన్నాడు ఆయన, మోసపోయినవాడిలా. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. నీళ్ళ మందం గురించి మాట్లాడబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

పక్కింటివాళ్ళు రేవు దాకా మాత్రం ఇచ్చిన జీపుకు ట్రైలరు తగిలించి వెళ్ళారు. సిమెంటు వాలు మీద ట్రైలరును వెనక్కి నడిపి పడవను నీళ్ళలోకి దింపాలి. ట్రైలరు ఉన్న బండిని వెనక్కి నడపాలంటే స్టీరింగు కుడికి తిప్పితే తోక ఎడమకు పోతుంది. ఊరందరినీ 'వెనక్కి నడపడం రాదు' అని ఇంటికి పంపిన మనిషికి ఇప్పుడు ఆ తోక వశం కాలేదు. మొదట కొట్టు వైపు పోయింది. తర్వాత దీపస్తంభం వైపు పోయింది. టీ కొట్టు బల్లలు ఖాళీ అయ్యాయి. జనం గ్లాసులతో సహా బయటికొచ్చి వరసగా నిలబడ్డారు. ఆయన బండి ముందుకు లాగి, మళ్ళీ వెనక్కి తోసి, మళ్ళీ అడ్డంగా ఇరికించాడు.

"మళ్ళీ రండి!" అన్నారందరూ ఒక్క గొంతుతో.

ఏళ్ళ తరబడి దాచుకున్న మాట కదా, ఎంత తీపిగా అన్నారో! ఇల్లాలు కింద నిలబడి తల వంచుకుంది. సిగ్గుతో అనుకున్నారు చూసినవాళ్ళు. ఆమె నవ్వు ఆపుకుంటోంది. అంతలో ఎండ ఎంత పైకెక్కిందో చూసి ఆ నవ్వు ఆగిపోయింది.

చివరికి ఎలాగో తోక దారికొచ్చింది, పడవ నీళ్ళను ముట్టుకుంది. ఇంకొక్క నియమం మిగిలింది: ఎక్కడికి వెళ్తున్నదీ ఎప్పుడు వచ్చేదీ గట్టు మీద ఒకరికి చెప్పి వెళ్ళాలి. దగ్గర్లో వ్యాను డ్రైవరే ఉన్నాడు.

"ఇదుగో, అవతలి గట్టుకి వెళ్తున్నాం. సాయంత్రానికి తిరిగి రాకపోతే..."

"రాకపోతే ఏం చేయమంటారు సార్? మళ్ళీ రమ్మని చెప్పమంటారా?"

ఆయన వినిపించుకోకుండా జాకెట్టు పట్టీ బిగించుకుని, ఎర్ర తాడు మణికట్టుకు తగిలించుకుని, తాళంచెవి తిప్పాడు. ఇంజను పలికింది. ఏడాదిగా ఇంటి ముందు ఎండుతున్న పడవ, ఉన్నట్టుండి ప్రాణమొచ్చినట్టు కదిలింది. రేవు చిన్నదైంది. అక్క ఇంటి కప్పు పెద్దదైంది. ఆమె ముఖానికి గాలి తగిలింది. ఇంతేనా, ఇంత తేలికా అనిపించి, ఏడాది ఆదివారాలన్నీ కళ్ళ ముందు తిరిగి, ఆయన్ని పడవలోంచి తోసేద్దామా అనిపించింది.

సగం దూరం దాటారు. కొత్త పడవ, కొత్త మనిషి. నత్త కంటే కాస్త జోరుగా పోతున్నారు. ఆమె చెప్పుల్లో ఏదో చల్లగా తగిలింది.

"ఏమండీ, నీళ్ళు."

"ఏట్లో నీళ్ళుండవా మరి?"

"ఏట్లో కాదండీ. మన కాళ్ళ కింద."

ఆయన చూడటానికి లేచి నిలబడ్డాడు. మణికట్టు తాడు లాగింది. ఇంజను చప్పున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పడవ వెనక నుంచి బుడబుడమని చప్పుడు. నీళ్ళు చెప్పులు దాటి చీలమండలకు వచ్చాయి. అడుగున పంపు గుర్రుమంటూ తోడుతోంది, కానీ వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ.

"చూశావా! ఎక్కడో ఏదో సరిగ్గా చేసుండవు నువ్వు" అన్నాడు ఆయన. "తాళ్ళు చూశావా? బ్యాటరీ..."

"బిరడా ఏదీ?"

ఆయన జేబు తడుముకున్నాడు. రెండో జేబు తడుముకున్నాడు. 

"బీరువాలో ఉంది" అన్నాడు. మళ్ళీ తనే, "తాళం వేసే ఉందిలే, భయం లేదు" అన్నాడు.

  ఆమె సంచిలోంచి తువాలు లాగి, మెలిపెట్టి, ఆ చిల్లులో కూరి, మడమతో అదిమి పట్టి కూర్చుంది. తువాలు పక్కల నుంచి నీరు ఇంకా ఊరుతూనే ఉంది. అమ్మినవాడు తన వైపు తిరిగి చెప్పిన మాటలు అక్షరం పొల్లుపోకుండా ఆమెకు గుర్తొచ్చాయి.

"కూర్చోండి" అంది.

"అది కాదు, ముందు లంగరు వేసి, పరిస్థితిని..."

"కూర్చోండి! తాడు తగిలించుకోండి. ఇంజను తిప్పండి. ఆగితే మునుగుతాం, పోతే తేలతాం. పోనివ్వండి!"

"అంత జోరు కొత్తవాళ్ళకి మంచిది..."

"పోనివ్వండీ!"

ఆ గొంతు ఆ ఇంట్లో ఎన్నడూ వినపడలేదు. ఆయన కూర్చున్నాడు, తిప్పాడు, పోనిచ్చాడు. పడవ ముక్కు పైకెత్తి దూసుకుపోయింది. ఆమె మడమ కింద నీటి ఒత్తిడి తగ్గింది. తువాలు కాస్త సడలిస్తే, లోపలి నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి జారిపోసాగాయి.

"ఎడమకి. ఇంకాస్త. చూపు ముందుకి పెట్టండి, నా వైపు కాదు."

పక్కన ఒకరు కూర్చుని చెప్తుంటే వణికే చేతులతో నడపడం ఎలా ఉంటుందో ఆయనకు ఆ వయసులో తెలిసింది. రేవులోవాళ్ళకు ఇదంతా ఏం తెలుసు? తెల్లటి నురుగు చీల్చుకుంటూ పోతున్న పడవే కనిపించింది. "ముసలాడు అదరగొడుతున్నాడ్రోయ్!" అని వ్యాను డ్రైవరు ఈల వేశాడట.

మునగకుండా ఆపడం ఎలాగో ఇద్దరికీ తెలియదు. అవతలి గట్టు బురద ఆ పని చూసుకుంది.

అక్క వెనక వసారాలో కుర్చీలో ఉంది, కాలు చాపి, దిండ్ల మధ్య. మోకాళ్ళ దాకా బురదతో వస్తున్న చెల్లెల్ని చూసి, "ఏమే, పడవ కొని ఏడాదైంది, ఇప్పుడా తీరిక?" అంది. అని, ముఖం పక్కకు తిప్పుకుంది.

అక్క కొడుకు అప్పటికే సామాను కారులో సర్దేశాడు. "పిన్నీ, టైమైపోయింది. సాయంత్రంలోగా చేర్పించమన్నారు. ఒక్క అయిదు నిమిషాలు, అంతే."

అయిదు నిమిషాలు. చెప్పులు విప్పుకోవడానికే సరిపోదు. ఆమె చుట్టూ చూసింది. ఆయన నారింజ రంగు జాకెట్టుతో, నీళ్ళోడుతూ, కారు పక్కన నిలబడి ఉన్నాడు. చూపు ముందు టైరు మీద ఉంది.

"ఏమండీ, అబ్బాయి కారొకసారి చూడరూ? దూరాభారం కదా."

మునిగి తేలిన ఆ కళ్ళలో దీపం వెలిగింది. చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి.

"బాబాయ్, నిన్ననే సర్వీసింగు చేయించా!" అన్నాడు అక్క కొడుకు.

"చేయించావు. చూశావా? ఎక్కి కూర్చో. బ్రేకు తొక్కు. ఊఁ, ఎడమ లైటు వెలగట్లేదు. దిగి చూడు. ముందు హ్యాండ్ బ్రేకు వేసి దిగు!"

వసారాలో ఆమె దువ్వెన తీసుకుని అక్క జడ విప్పింది. చిక్కులు తీస్తుంటే అక్క కళ్ళు మూసుకుంది. అక్క చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"మత్తిచ్చాక లేవకపోతేనే?"

"నువ్వు లేవకపోయినా నీ నోరు ఊరుకుంటుందా? అదే లేపుతుంది."

"మీ ఆయన నీళ్ళలో పడ్డాడా?"

"పడలేదు. ఆ ఒక్కటీ మిగిలింది."

అక్క నవ్వింది. తుంటి కలుక్కుమని, 'అబ్బా' అంటూనే నవ్వింది. బయట నుంచి ఆయన గొంతు: "స్టెప్నీలో గాలేదీ? దారిలో పంక్చరైతే మీ అమ్మని మోసుకుపోతావా?"

కొంతసేపటికి అక్క కొడుకు చెమటతో లోపలికొచ్చాడు. "పిన్నీ, నీకు దణ్ణం పెడతా, ఆయన్ని ఆపు. గాలి కొట్టించుకొచ్చాను, బల్బు మార్చాను. ఇప్పుడు సీటు ఎత్తు తప్పంటున్నాడు."

"మీ అమ్మ జడ అవనీ నాన్నా" అంది ఆమె, ఇంకా నెమ్మదిగా దువ్వుతూ.

జడ అయింది. అక్కను ఇద్దరూ పట్టుకుని వెనక సీటులో పడుకోబెట్టినట్టు కూర్చోబెట్టారు. చెల్లెలి చెయ్యి అక్క గుప్పిట్లోనే ఉండిపోయింది. ఆమె విడిపించుకోలేదు. వంగి, తనూ లోపలికి ఎక్కి తలుపు లాక్కుంది.

"నువ్వెక్కడికి?" అన్నాడు ఆయన.

"అక్కతో."

"మరి నేను?"

"పడవుంది కదండీ."

"బిరడా లేదే!"

"అయితే బస్సుంది. రెండు మారాలి. కండక్టర్ని పరీక్షించకండి, దింపేస్తాడు."

కారు కదిలింది. బురద గట్టు మీద జాకెట్టుతో నిలబడిన ఆయన కొంతదూరం వెంట వచ్చాడు. ఏదో అరుస్తున్నాడు. మలుపులో ఇండికేటరు వేయలేదట. అక్క కొడుకు అద్దం పైకెక్కించేశాడు.

అక్క ఆమె భుజానికి తల ఆనించింది. కాసేపటికి కళ్ళు తెరవకుండానే, "నీ కాళ్ళింకా తడిగానే ఉన్నాయే. జలుబు చేస్తుంది, నా దుప్పట్లో పెట్టుకో" అంది.